వేడి తగలనివ్వకుండా మసాలా దినుసులను కాపాడుకునే విధానం

ధనియాలు మర పట్టించి తెచ్చిన రోజున ఆ వాసన వీధి మొదట్లోనే తెలుస్తుంది. ఎంత ఘుమఘుమలాడుతున్నాయో అని మురిసిపోతాం కానీ, గాలిలోకి వచ్చిన ఆ వాసనంతా పొడిలోంచి వెళ్లిపోయిన తైలమే. మర దగ్గర ఎంత ఎక్కువ వాసన వస్తే మూడు నెలల తర్వాత మన చారులో అంత తక్కువ మిగులుతుంది.

నేను బెంగళూరులో, కృష్ణరాజపురం దగ్గర, పదకొండేళ్లుగా ఒక చిన్న మసాలా యూనిట్ నడుపుతున్నాను. మిరపకాయలు గుంటూరు యార్డు నుంచి, పసుపు కొమ్ములు దుగ్గిరాల నుంచి, మిరియాలూ యాలకులూ సకలేశపుర వైపు నుంచి తెప్పించుకుంటాను. ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది ఇప్పటికీ ఏడాదికి సరిపడా కారం, పసుపు, ధనియాల పొడి ఒకేసారి చేయించుకుంటారు. ఇంటి నుంచే పొడులు తయారుచేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు అమ్మే అక్కచెల్లెళ్లూ బాగానే ఉన్నారు. వీళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: ఆవిరి పట్టకుండా, మాడ్చకుండా, ప్రమాదకరమైన రసాయనం కలపకుండా సరుకును ఏడాది పాటు రంగూ వాసనా పోకుండా నిలబెట్టడం ఎలా? నాకు తెలిసినదంతా వరుసగా రాస్తున్నాను.

ముందుగా వేడి ఏం చేస్తుందో తెలియాలి. ధనియాల వాసనకు ముఖ్య కారణం లినలూల్, జీలకర్రకు క్యూమినాల్డిహైడ్, లవంగానికి యూజెనాల్. యాలకులకు సినియోల్, టెర్పినైల్ ఎసిటేట్ అనే రెండు పదార్థాలు. ఇవన్నీ ఆవిరయ్యే స్వభావం ఉన్న తైలాలు. మిరపలోని క్యాప్సైసిన్, మిరియంలోని పైపెరిన్ వీటికంటే గట్టివి, ఆవిరై పోయేవి కావు. అందుకే పాతబడిన మిరియాల పొడి నోటికి ఘాటుగానే తగులుతుంది కానీ ముక్కుకు ఏమీ తెలియదు. మామూలు మరలో వాడిన విద్యుత్తులో గింజను నలగగొట్టడానికి ఖర్చయ్యేది నూటికి ఒక వంతు మాత్రమే. మిగిలినది దాదాపు అంతా వేడిగా మారుతుంది. ఆ వేడికి పొడి 42 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ వరకూ చేరుతుంది. ఏడాదంతా జాగ్రత్తగా నిల్వ చేసినా రాని నష్టం ఆ పది నిమిషాల్లో జరిగిపోతుంది.

వేడి లేని పద్ధతులు అనగానే గామా కిరణాలు, ప్లాస్మా, ఓజోన్ వంటి పేర్లు వినిపిస్తాయి. అయితే ఇవన్నీ ఒకే పని చేయవు. దినుసుకు వచ్చే చేటు నాలుగు దారుల్లో వస్తుంది: తేమ వల్ల బూజు, పెంకు పురుగు, కంటికి కనిపించని బాక్టీరియా, వాసన ఆవిరైపోవడం. ఏ దారిన వచ్చే చేటుకు ఆ మందే పనిచేస్తుంది. పైగా ఇందులో ఏ పద్ధతీ పోయిన వాసనను వెనక్కి తేలేదు, బూజు ఒకసారి విడిచిన విషాన్ని పూర్తిగా తీసివేయలేదు. కాబట్టి తేమ, పురుగు, మర, ఆ తర్వాతే సూక్ష్మజీవులు అనే వరుసలో వెళ్లాలి. చాలామంది చివరి మెట్టుతో మొదలుపెట్టి డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

తేమను కొలవడం

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే, ఖర్చు తక్కువయ్యేదీ ఇక్కడే. మిరపకాయ గలగలమంటే ఎండినట్టే అని పెద్దవాళ్లు చెప్పేవారు. గుంటూరు ఎండల్లో ఆ లెక్క సరిపోతుంది. బెంగళూరులో ఉదయం గలగలమన్న కాయ సాయంత్రం వాన పడగానే మెత్తబడుతుంది. అందువల్ల చెవిని కాకుండా మీటరును నమ్మాలి.

దినుసులో మొత్తం ఎంత నీరు ఉందన్నదానికంటే, అందులో బూజుకు అందుబాటులో ఉన్న నీరు ఎంత అన్నది ముఖ్యం. దీన్నే వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి ఇది 1. ఇది 0.60 కంటే తక్కువ ఉన్నచోట ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడిచే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజుకు సుమారు 0.80 కావాలి. ప్రయోగశాలల్లో దీన్ని కొలిచే యంత్రం చాలా ఖరీదు. కానీ గాలిలో తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ మీటరుతో ఇంట్లోనే దగ్గరి లెక్క తీయవచ్చు, ఎందుకంటే మూసిన సీసాలో దినుసు చుట్టూ ఉన్న గాలి చివరికి ఆ దినుసు తేమతోనే సమతూకానికి వస్తుంది.

మొదట మీటరు నిజం చెబుతోందో లేదో చూడాలి. ఒక సీసా మూతలో రెండు చెంచాల మామూలు ఉప్పు వేసి, అది తడి ఇసుకలా అయ్యేంత వరకే చుక్కలు చుక్కలుగా నీళ్లు పోయండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ పక్కపక్కన పెద్ద గాజు సీసాలో పెట్టి, గట్టిగా మూసి, ఎండ తగలని చోట పన్నెండు గంటలు వదిలేయండి. తడి ఉప్పు పైన గాలిలో తేమ ఎప్పుడూ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటరు 79 చూపిస్తే అది నాలుగు ఎక్కువ చూపుతోందని దాని వెనక కాగితం అంటించి రాసుకోండి. నా దగ్గర ఉన్న మూడు మీటర్లలో ఏ రెండూ ఒకే అంకె చూపవు, అయినా ఈ పరీక్ష వల్ల మూడూ పనికి వస్తున్నాయి.

తర్వాత అదే సీసాను శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, ముప్పావు వంతు వరకు మిరపకాయలో, ధనియాలో, విరిచిన పసుపు కొమ్ములో నింపి, పైన మీటరు పెట్టి మూయండి. ఇరవై నాలుగు గంటల తర్వాత సీసా తెరవకుండా బయటి నుంచే అంకె చూడండి. పొడి అయితే మీటరును పలుచని మల్లు గుడ్డలో చుట్టి పెట్టాలి. సవరించిన అంకె 60 కంటే తక్కువ ఉంటే సరుకును నిల్వ చేయవచ్చు. 60కీ 70కీ మధ్య ఉంటే ఇంకో ఎండ పెట్టాలి. 70 దాటితే ఆ బస్తాను కొనకపోవడమే మంచిది, ఎందుకంటే అది ఎన్నాళ్లుగా అలా ఉందో మనకు తెలియదు. మిరపకాయను మరీ పెళుసుగా ఎండబెట్టడం కూడా తప్పే. కాయ బరువులో నీరు (ఇది మీటరు చూపే అంకె కాదు) ఎనిమిది శాతం కంటే దిగితే కాయ నలిగి, రంగు తొందరగా వెలిసిపోతుంది. పది శాతం దగ్గర ఆపడం మేలు.

ఎండబెట్టడానికి ఈ ఊళ్లో మంచి కాలం ఫిబ్రవరి నుంచి మార్చి చివరి వరకు. గుంటూరులో కొత్త కాయ వచ్చేదీ అప్పుడే. ఏప్రిల్‌లో మామిడి జల్లులు మొదలైతే మేడ మీద ఆరబోసిన సరుకుకు భరోసా ఉండదు. తొడిమలు తీసి, తాలు కాయలు ఏరివేసి, నేల మీద కాకుండా మంచం మీదో ఇనుప చట్రం మీదో శుభ్రమైన గుడ్డ పరిచి ఎండబెట్టండి. మిరియాలకూ పసుపుకూ అంటుకునే సూక్ష్మజీవులలో ఎక్కువ భాగం మట్టి నుంచే వస్తాయి. సాయంత్రం ఎండ తగ్గకముందే ఎత్తి, వేడి తగ్గే వరకు నీడలో ఉంచి, ఆ తర్వాతే మూయాలి.

ఈ చివరి మాటను నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఆరేళ్ల క్రితం జులైలో నలభై కిలోల ధనియాల పొడిని, చేతికి గోరువెచ్చగా తగులుతుండగానే, తొందరపడి సంచుల్లో నింపి సీలు వేయించాను. రాత్రి చలికి గది చల్లబడింది. పొద్దున చూస్తే సంచి లోపలి వైపు కవరుకు ఆవగింజంత నీటి బొట్లు వరసగా పట్టి ఉన్నాయి. అవి జారి పొడి మీద పడిన చోట నాణెమంత ముదురు మచ్చలు ఏర్పడ్డాయి. రెండు వారాల్లో ఆ మచ్చలు గడ్డలయ్యాయి, గడ్డ విరిస్తే తడి గోడ వాసన వచ్చింది. పొడిలో మొత్తం తేమ పెరగలేదు, ఉన్న తేమే ఒకచోట చేరి బూజుకు చాలింది. నలభై కిలోలూ పారబోశాను. అప్పటి నుంచి పొడి ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతతో సమానమయ్యే వరకు మా యూనిట్‌లో సీలు మిషన్ ముట్టుకోనివ్వను.

కారంలో ఉప్పు కలిపి దాచే అలవాటు ఉన్నవాళ్లకు ఒక సూచన. రాళ్ల ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమ 33 శాతం దాటగానే నీటిని లాక్కోవడం మొదలుపెడుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చేది అందుకే. అలాంటి ఉప్పును కారంలో కలిపితే మనమే తేమను ఆహ్వానించినట్టు అవుతుంది. శుద్ధి చేసిన ఉప్పును బాగా ఎండబెట్టి కలపండి, లేదా వంటలోనే వేసుకోండి.

పురుగును ఊపిరాడకుండా చేయడం

పసుపు కొమ్మును తెల్ల కాగితం మీద రెండుసార్లు తట్టండి. గుండుసూది మొనంత రంధ్రాల్లోంచి మెత్తని పసుపు పొడి సన్నని గీతలా రాలితే లోపల పెంకు పురుగు ఉన్నట్టే. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుతో, గోధుమ ఎరుపు రంగులో, తల కిందికి వంచుకుని గూనిగా కనిపించే ఈ పురుగు పొగాకునూ పాడుచేస్తుంది కనుక దాన్ని సిగరెట్ బీటిల్ అంటారు. మిరప, ధనియాలు, అల్లం శొంఠి, దేనినీ వదలదు.

ఇంట్లో చేయదగిన పని చలి పెట్టడం. దినుసును కిలో కంటే మించని ప్యాకెట్లుగా గాలి చొరని కవర్లలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఏడు రోజులు ఉంచితే గుడ్లతో సహా చనిపోతాయి. ఫ్రిజ్ పై అరలో ఉండే చిన్న ఫ్రీజర్ అంత చల్లబడకపోవచ్చు, రెండు వారాలు ఉంచండి. బయటికి తీసిన తర్వాత కవరు విప్పకుండా ఒక పూట అలాగే వదిలేయాలి. వెంటనే విప్పితే బయటి గాలిలోని తేమ చల్లని గింజల మీద మంచులా పడుతుంది, పురుగును చంపి బూజును పిలిచినట్టవుతుంది. గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి నిలవున్న మిరప బస్తాకూ ఇదే నియమం: లారీ దించిన రోజున విప్పకుండా, మర్నాడు విప్పాలి.

పెద్ద మొత్తాలకు గాలి చొరబడని సంచులు వచ్చాయి. గోనెసంచి లోపల పెట్టి బిగించే ప్రత్యేకమైన ప్లాస్టిక్ సంచి ఇది. లోపలి పురుగులూ గింజా ఊపిరి తీసి ఆమ్లజనిని తగ్గిస్తాయి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, చివరికి పురుగులు ఊపిరాడక చనిపోతాయి. మూతి మెలిపెట్టి, మడిచి, తాడుతో రెండుసార్లు కట్టాలి. పసుపు కొమ్ముల ముల్లులాంటి చివరలు గుచ్చుకుని చిన్న రంధ్రం పడినా ప్రయోజనం ఉండదు. బాగా ఎండిన దినుసులో పురుగులు కొద్దిగానే ఉంటే ఆమ్లజని చాలా నెమ్మదిగా తగ్గుతుంది. అలాంటప్పుడు ఇనుప రజను ఉండే ఆమ్లజని పీల్చే చిన్న పొట్లాలు వాడాలి. లెక్క సులువు: లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆమ్లజని ఉంటుంది. ఐదు లీటర్ల డబ్బా నిండా మిరియాలు పోసినా గింజల సందుల్లో సగం వరకు గాలే అనుకుంటే 525 మిల్లీలీటర్లు అవుతుంది, అంటే 300 అంకె (అది పీల్చగల మిల్లీలీటర్లు) ఉన్న పొట్లాలు రెండు. పొడి సరుకుకు పనిచేసే రకం అడిగి కొనాలి, ఎందుకంటే కొన్ని రకాలకు పనిచేయడానికి చుట్టూ తేమ కావాలి. పల్చని పాలిథిన్ కవరులో ఇవి పెట్టడం వృథా, దానిలోంచి ఆమ్లజని తిరిగి లోపలికి వస్తూనే ఉంటుంది. గాజు సీసా గానీ అల్యూమినియం పొర ఉన్న కవరు గానీ ఉండాలి.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లోగానీ, మనుషులు పడుకునే చోటికి ఆనుకుని ఉన్న గదిలోగానీ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. వాటినుంచి వచ్చే వాయువు ప్రాణాలు తీస్తుంది.

చల్లగా పొడి చేయడం

ఇంట్లో మిక్సీతో చేసేవారు ధనియాలు, జీలకర్ర, మిరియాలు, లవంగాలను మూత బిగించిన డబ్బాలో ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లబడిన గింజలోని తైలం చిక్కబడుతుంది, గింజ పెళుసవుతుంది, తక్కువ తిప్పులకే నలుగుతుంది. జార్‌ను పొడిగా తుడిచి, సగానికి మించి నింపకుండా, పది పదిహేను సెకన్లు తిప్పి, అర నిమిషం ఆపి, మళ్లీ తిప్పాలి. జార్ అడుగు చేతికి వెచ్చగా తగిలితే ఆ వాయిదా ముగిసినట్టే. పొడి అయ్యాక మూత తీయకుండా పావుగంట ఉంచితే ఎగిరిన తైలంలో కొంతైనా పొడి మీదికి దిగుతుంది, బయటి తేమ కూడా అంటుకోదు. యాలకులను తొక్కతోనే దాచి, కావలసినప్పుడే దంచుకోండి; వాటికి ఆ తొక్కకంటే మంచి ప్యాకింగ్ లేదు.

డ్రై ఐస్ ముక్కలనూ ద్రవ నత్రజనినీ ఇంటి మిక్సీలో పోయడం ప్రమాదం. మూసిన జార్‌లో అవి వాయువుగా ఉబ్బి జార్‌ను పేల్చివేయగలవు.

చిన్న యూనిట్ ఉన్నవారు కొత్త యంత్రం కొనకముందే కొన్ని మార్పులు చేసుకోవచ్చు. మేము మర పనిని తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది లోపల ముగిస్తాం; డిసెంబరులో ఈ ఊళ్లో ఆ వేళకు పదహారు డిగ్రీల దగ్గర ఉంటుంది, సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనకు ఉచితంగా ఇచ్చే చలి అది. ఒకేసారి మెత్తగా పట్టకుండా మొదట బరకగా, చల్లారాక రెండోసారి మెత్తగా పట్టాలి. గింజను నెమ్మదిగా వదలాలి. మర చుట్టూ చల్లని నీరు తిరిగే తొడుగు పెట్టించుకుంటే ఇంకా మేలు. దూరం నుంచి ఉష్ణోగ్రత చూపే పిస్తోలు లాంటి థర్మామీటరును ప్రతి పావుగంటకూ పొడి మీద పెట్టి చూస్తాం. 45 దాటగానే మర ఆపేస్తాం. బయటికి వచ్చిన పొడిని స్టీలు పళ్లాల్లో పలుచగా పరిచి, పైన గుడ్డ కప్పి చల్లారబెట్టి, జల్లించి, ఆ తర్వాత నింపాలి.

దీనికి పైమెట్టు ద్రవ నత్రజనితో పొడి చేయడం. మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉండే ఆ ద్రవాన్ని మరలోకి వెళ్లే గొట్టంలోనే గింజ మీద చల్లుతారు. తైలం గడ్డకట్టి, గింజ గాజులా పగులుతుంది. జల్లెడ జిగురుపట్టదు, పొడి మెత్తగా ఒకే తీరులో వస్తుంది, చుట్టూ నత్రజనే ఉంటుంది కనుక ఆమ్లజని తగిలి వాసన మారదు. జాజికాయ వంటి కొవ్వు ఎక్కువ ఉన్న దినుసుకూ, లవంగాలు, యాలకులు, మిరియాలకూ ఈ ఖర్చు పెట్టవచ్చునని నా అభిప్రాయం. పసుపుకు అవసరం లేదు, అందులోని కర్క్యుమిన్ ఆవిరయ్యేది కాదు. దాన్ని వెలుతురు నుంచి కాపాడితే చాలు. సొంతంగా పెట్టుకోవాలనుకునేవారు ఒక లీటరు ద్రవ నత్రజని దాదాపు ఏడు వందల లీటర్ల వాయువవుతుందని గుర్తుంచుకోవాలి. మూసిన గదిలో అది ఆమ్లజనిని తోసేస్తుంది, మనిషికి ఏ హెచ్చరికా తెలియకుండానే స్పృహ తప్పుతుంది. గాలి బాగా ఆడే చోటు, ఆమ్లజని తగ్గితే మోగే అలారం రెండూ లేకుండా ఆ సిలిండరు లోపలికి తేకూడదు. పెట్టుబడికి ముందు మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ) వారి చిన్న శిక్షణలలో ఒకదానికి వెళ్లి రావడం మంచిది. బెంగళూరు నుంచి పొద్దున రైలెక్కితే మూడు గంటల దారి.

బాక్టీరియాకు గామా కిరణాలు

ఎండిన దినుసులో బాక్టీరియా పెరగదు కానీ చావదు. సాల్మొనెల్లా వంటిది పొడి మిరియంలో నెలల తరబడి నిద్రపోయి, తడి అన్నంలో పడగానే లేస్తుంది. నేల మీద ఎండిన మిరియంలో గ్రాముకు పది లక్షల సూక్ష్మజీవులు ఉండడం వింతేమీ కాదు. మరిగే పులుసులో వేసే దినుసుకు దీని గురించి పెద్దగా బెంగ అక్కరలేదు. మన వంటలో జాగ్రత్త పడవలసినది వేరే చోట: వేడి అన్నంలో నేరుగా కలుపుకునే పొడుల్లో. కందిపొడిలో పప్పూ మిరపా వేగుతాయి, కానీ చివర్లో కలిపే పచ్చి జీలకర్ర వేగదు. పెరుగు మీద చల్లే మిరియాల పొడి, పండ్ల మీద చల్లే చాట్ మసాలా కూడా ఇంతే. ఇవి అమ్మేవారికి సూక్ష్మజీవుల శుద్ధి తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇందుకు ఇప్పటికి అన్నిటికంటే నమ్మదగిన వేడి లేని పద్ధతి గామా కిరణాల శుద్ధి. కోబాల్ట్-60 నుంచి వచ్చే కిరణాలు మూసిన అట్టపెట్టెలోంచి దూసుకుపోయి సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని తుంచేస్తాయి. మన దేశంలో మసాలా దినుసులకు సూక్ష్మజీవుల కోసం 6 నుంచి 14 కిలోగ్రేల (సరుకుకు అందే కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) మోతాదు అనుమతించారు. పురుగు మాత్రమే సమస్య అయితే 1 కిలోగ్రేకు లోపలి మోతాదు చాలు. 10 కిలోగ్రేలు అంటే కిలో సరుకుకు పది కిలోజౌళ్ల శక్తి, అది కిలో నీటిని రెండున్నర డిగ్రీలు కూడా వేడి చేయలేదు. పొడి దినుసు అయితే ఐదారు డిగ్రీలు పెరుగుతుందేమో. అందుకే వాసన దాదాపు చెక్కుచెదరదు. సరుకు రేడియోధార్మికం అవుతుందన్న భయం అక్కరలేదు, ఆ కిరణాలకు పదార్థాన్ని రేడియోధార్మికంగా మార్చేంత శక్తి లేదు. 10 కిలోగ్రేల వరకు ఏ ఆహారమైనా సురక్షితమని 1980లోనే ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య, అణుశక్తి సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం తేల్చింది. నవీ ముంబైలోని వాశిలో ప్రభుత్వ కేంద్రం 2000 నుంచి మసాలా దినుసులకు ఈ పని చేస్తోంది. ప్రైవేటు కేంద్రాలు మన దక్షిణాదిలోనూ ఉన్నాయి.

సరుకు పంపే ముందు చేయవలసినవి చెబుతాను. గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో మొత్తం బాక్టీరియా లెక్క, బూజు లెక్క, 25 గ్రాములలో సాల్మొనెల్లా ఉందా లేదా అన్నవి చూపించుకోండి. సరుకును చివరి ప్యాకెట్లలోనే, సీలు వేసి, అట్టపెట్టెల్లో పెట్టి పంపండి. విడి బస్తాగా పంపి తిరిగి వచ్చాక నింపితే మన చేతుల నుంచే మళ్లీ సూక్ష్మజీవులు చేరుతాయి. పెట్టెలన్నీ ఒకే బరువు, ఒకే కొలత ఉండాలి, లేకపోతే కిరణాలు అంతటా ఒకే తీరున అందవు. కేంద్రానికి ఆహార శుద్ధికి లైసెన్సు ఉందో లేదో అడగండి. వైద్య పరికరాలకు మాత్రమే అనుమతి ఉన్న చోట దినుసులు ఇవ్వకూడదు. పని అయ్యాక ధ్రువపత్రంలో మీ లాట్ సంఖ్య, తేదీ, అందిన కనిష్ఠ, గరిష్ఠ మోతాదులు రెండూ ఉండాలి. శుద్ధి అయిన పెట్టెలనూ కానివాటినీ గోదాములో కలవనివ్వకండి. తిరిగి వచ్చిన సరుకును మళ్లీ పరీక్ష చేయించండి. ప్యాకెట్ మీద కిరణ శుద్ధిని తెలిపే పచ్చని రడూరా గుర్తూ, కిరణాలతో శుద్ధి చేసినట్టు తెలిపే వాక్యమూ తేదీతో సహా వేయడం చట్టం. దాచాలని చూసినా దాగదు: దినుసుకు అంటిన ఇసుక రేణువులు తాము తిన్న కిరణాల శక్తిని పట్టి ఉంచుకుంటాయి, ప్రయోగశాలలో వేడి చేస్తే ఆ శక్తిని వెలుతురుగా విడిచిపెట్టి నిజం బయటపెడతాయి. సేంద్రియ ముద్రతో అమ్మే సరుకుకు ఈ పద్ధతి నిషిద్ధం, వాళ్లు ఆవిరి శుద్ధికే వెళ్లాలి.

గామా కిరణాలు అఫ్లాటాక్సిన్‌ను తీయలేవు, పురుగుమందు అవశేషాన్ని తీయలేవు. మిరపకు మన దేశంలో మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు, యూరప్‌లో 10. ఆ పరీక్ష వేరుగా చేయించాలి, సరుకు కొనేటప్పుడే చేయించాలి.

ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు కూడా వేడి లేని పద్ధతే కానీ దాన్ని నేను సిఫారసు చేయను. అది మనుషులలో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది, యూరప్‌లో 1991 నుంచి ఆహారానికి నిషిద్ధం. 2024 ఏప్రిల్‌లో హాంగ్‌కాంగ్, సింగపూర్‌లు మన దేశపు కొన్ని మసాలా పొడులను వెనక్కి పిలిచింది ఈ అవశేషం వల్లే. తక్కువ ధరకు శుద్ధి చేసిపెడతామని ఎవరైనా అంటే ఏ వాయువుతో అని రాతపూర్వకంగా అడగండి.

ఓజోన్‌ను దినుసు మీద వాడవద్దు. అది బాక్టీరియాతో పాటు యూజెనాల్ వంటి తైలాలనూ ఆక్సీకరిస్తుంది, పనిచేసేవారి ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది. అతినీల లోహిత దీపాలూ, క్షణకాలపు మెరుపు దీపాలూ వెలుతురు పడిన చోటే పనిచేస్తాయి. మిరియపు ముడతల నీడలో దాగినదాన్ని తాకలేవు. విద్యుత్తుతో ఆవేశపరిచిన వాయువైన చల్లని ప్లాస్మా మీద మంచి పరిశోధన జరుగుతోంది, కానీ మన స్థాయి యూనిట్ కొనదగిన యంత్రం అది ఇంకా కాలేదు. మార్కెట్లో ఈ పేర్లతో అమ్మే చిన్న పెట్టెలకు డబ్బు పెట్టకండి.

అల్లం వెల్లుల్లి ముద్ద వంటి తడి సరుకు

తడి ముద్దలకు అధిక పీడన పద్ధతి ఉంది. సీసాలో నింపిన ముద్దను నీటి మధ్య 400 నుంచి 600 మెగాపాస్కళ్ల ఒత్తిడికి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి నాలుగు నుంచి ఆరు వేల రెట్లకు, కొన్ని నిమిషాలు గురిచేస్తారు. పచ్చి వాసన అలాగే నిలుస్తుంది. బీజరూపంలో ఉన్న బాక్టీరియా మాత్రం దీనికి చావదు, అందుచేత పులుపు తగినంత ఉండాలి, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. పొడి దినుసుకు ఈ పద్ధతి పనికిరాదు, నీరు లేనిచోట ఒత్తిడికి సూక్ష్మజీవులు లొంగవు. ఇంట్లో చేసుకునేవారు ముద్దలో ఉప్పూ నిమ్మరసమూ కలిపి, చిన్న ముక్కలుగా ఫ్రీజర్‌లో గడ్డకట్టించుకోండి. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి గది ఉష్ణోగ్రతలో రోజుల తరబడి ఉంచవద్దు; గాలి తగలని ఆ నూనెలో బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును కలిగించే విషం తయారయ్యే అవకాశం ఉంది.

నిల్వలో ఉన్నంత కాలం

పొయ్యి పైన ఉన్న అర మసాలా డబ్బాలకు అన్నిటికంటే చెడ్డ చోటు. కారం డబ్బాను ఉడికే కూర మీద వంచి చల్లినప్పుడల్లా ఆవిరి లోపలికి వెళ్తుంది. చెంచాతో బయటికి తీసి వేయండి. ఏడాది సరుకును ఒకే పెద్ద డబ్బాలో ఉంచకుండా నెలకు సరిపడా పన్నెండు ప్యాకెట్లుగా కట్టి, వాడుతున్నది తప్ప మిగిలినవి వెలుతురు పడని చల్లని చోట ఉంచండి. గింజగా ఉంచగలిగినదాన్ని పొడి చేయకండి.

మేము ప్రతి లాట్ నుంచి పావుకిలో తీసి, మీటరుతో సహా ఒక గాజు సీసాలో మూసి, తేదీ రాసి, గోదాములో మిగతా సరుకు పక్కనే పెడతాం. దాన్ని జూన్ నుంచి అక్టోబరు వరకు ప్రతి సోమవారం చూస్తాం. అంకె రెండు వారాలు వరసగా పెరిగితే సీసా మూత సందులోంచి గోదాములోని తేమ లోపలికి వస్తోందని అర్థం, అప్పుడు ఆ వరుసలోని సంచుల సీళ్లనూ అనుమానించాలి. ఒక్కొక్కదాన్నీ నొక్కి చూసి, గాలి ఊదే సంచిని పక్కకు తీసి, అందులోని సరుకును మొదట వాడేస్తాం.